చరిత్రలోంచి కథ – 4వ పాఠం: గుమాస్తా ‘మీరు’ అన్నప్పుడు

పోయిన పాఠంలో చోటు, ఏడాది ఖాయం చేసుకున్నాం. అమెరికాలో సౌత్ కరోలినా, చార్ల్‌స్టన్ ఊరు, 1867. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లయింది. బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో సవరణ 1865 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. దాదాపు 40 లక్షల మంది విడుదలయ్యారు. వాళ్లలో ఒక్క మనిషిని పట్టుకుని ఒక పేజీ రాయమన్నాను.

ఇలాంటి పేజీ నేను మొదటిసారి రాసినప్పుడు ఏం చేశానో చెప్తాను. ‘సంకెళ్లు తెగిపడ్డాయి. ఆమె గుండెల నిండా స్వేచ్ఛావాయువులు పీల్చుకుంది’ అని మొదలుపెట్టాను. మర్నాడు చదువుకుంటే ఆగస్టు 15న స్కూల్లో హెడ్మాస్టరు గారి ఉపన్యాసంలా ఉంది. ఆమె ఎవరో, ఏం పని చేస్తుందో, జేబులో ఎంతుందో ఒక్క ముక్క లేదు.

అందుకని ఈ పాఠానికి ఒకటే షరతు: ‘స్వేచ్ఛ’ అనే మాట వాడకూడదు. నిన్నటిదాకా ఆమె చెయ్యలేని పనొకటి ఇవాళ ఆమెచేత చేయించాలి.

అలాంటి పని ఎక్కడ వెతకాలి? నేనైతే ఫారాల్లో వెతుకుతాను. ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు అని ఒకటుండేది. విడుదలైనవాళ్లు డబ్బు దాచుకోవడానికి పెట్టిన బ్యాంకు. దాని చట్టం మీద అధ్యక్షుడు లింకన్ 1865 మార్చి 3న సంతకం చేశాడు. చార్ల్‌స్టన్‌లో దానికి శాఖ ఉండేది. ఖాతా తెరవడానికి వచ్చినవాళ్లని గుమాస్తా బోలెడు ప్రశ్నలు అడిగి రిజిస్టర్లో రాసుకునేవాడు. పుట్టిన ఊరు, చేసే పని, భార్య లేదా భర్త, పిల్లల పేర్లు, తొలినాళ్ల ఫారాల్లోనైతే పాత యజమాని పేరు కూడా. సంతకం రానివాళ్లని ఆనవాలు పట్టడానికే ఇదంతా. కానీ కథ రాసేవాడికి ఆ ఖాళీ గడులే సన్నివేశం. ఒక్కో గడి ఒక్కో ప్రశ్న, ఒక్కో ప్రశ్నకి ఒక్కో తడబాటు.

మన మనిషిని హానా అనుకుందాం, కల్పితమే. బట్టలుతికి బతుకుతోంది. నా రెండో ప్రయత్నం ఇదీ:

“పేరు?”

“హానా.”

“ఇంటిపేరు?”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరసలో తన వెనక ఎవరూ లేరు.

“మిమ్మల్నే. మీ ఇంటిపేరు చెప్పండి.”

చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు. “పిల్లలు?”

“నలుగురు.” తడి ఆరని వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ ముగ్గురి పేర్లు గబగబా చెప్పేసింది. నాలుగో వేలు మడవలేదు. “ఇక్కడ లేనివాణ్ణి కూడా రాస్తారా?”

“రాస్తాను.”

“శామ్. అమ్మేసిన రోజుకి తొమ్మిదేళ్లు.”

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. ఇందాకే ముంచాడు, మళ్లీ ముంచాడు.

ఇంతే. ఇందులో ఏం జరిగిందో ఒకసారి విడదీసి చూద్దాం.

మొదటిది ఇంటిపేరు. చాలామందికి తమలో తాము పిలుచుకునే ఇంటిపేర్లు ముందే ఉండేవి, ‘టైటిల్’ అనేవారు. యజమానుల ఖాతా పుస్తకాల్లో మాత్రం హానా, శామ్, అంతవరకే. ఆమె వెనక్కి చూసింది పేరు లేక కాదు, అడిగినవాడు ఇన్నాళ్లూ లేక. ఈ వాక్యం నేను కథలో పెట్టలేదు చూడండి, పాఠం కాబట్టి మీకు చెప్తున్నాను.

రెండోది ‘మీరు’. ఇంగ్లీషులో ఈ కథ రాసేవాళ్లకి ఉన్నది ఒక్క ‘యూ’. మనకి నువ్వు, మీరు వేరుగా ఉన్నాయి కాబట్టి ఒక్క క్రియతోనే దెబ్బ కొట్టొచ్చు. ఆ రోజుల్లో అక్కడి తెల్లవాళ్లు వయసు మళ్లిన నల్ల స్త్రీని ‘ఆంటీ’ అనేవారు, ‘మిసెస్’ అనడం ఇష్టంలేక. మన ఇళ్లలో మర్యాదగా వాడే ఆంటీ, అక్కడ మర్యాద ఎగ్గొట్టడానికి వాడిన మాట! అందుకే ఆ పిలుపుని తెలుగులో యథాతథంగా దించకండి, పాఠకుడు పొరబడతాడు. పాత యజమాని చేత ‘ఏమే’ అనిపించండి, గుమాస్తా చేత ‘చెప్పండి’ అనిపించండి. పని జరిగిపోతుంది.

ఇక్కడే ఇంకో గొడవ. యజమానిని ‘దొర’ అనాలని చెయ్యి లాగుతుంది. నాకూ లాగింది. కానీ ఆ మాట వినగానే తెలంగాణ గడీ, వెట్టి కళ్ల ముందుకొస్తాయి. వెట్టి ఘోరమే, అయితే అది వేరే ఏర్పాటు. హానా కొడుకుని వేలంలో సరుకులా అమ్మే హక్కు అక్కడ చట్టమే ఇచ్చింది. నేను ‘యజమాని’తో సరిపెట్టుకున్నాను, కాస్త చప్పగా ఉన్నా.

ఇక ఆమెకి ఏం తెలుసు, ఏం తెలియదు? ఈ బ్యాంకు 1874లో మూతపడి 61,000 మందికి పైగా ఖాతాదారులు చిక్కుల్లో పడ్డారని మనకి తెలుసు. ఆమెకి తెలియదు. ‘పాపం, రాబోయేది ఆమె ఎరగదు’ లాంటి వాక్యం కనిపిస్తే కొట్టెయ్యండి. బదులుగా ఆమె చూసేసింది వాడుకోండి. 1865 జనవరిలో ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ తీరప్రాంతపు భూముల్ని విడుదలైనవాళ్లకి కుటుంబానికి 40 ఎకరాలకి మించకుండా ఇమ్మని ఉత్తర్వు వేశాడు. అదే ఏడాది అక్టోబరులో చార్ల్‌స్టన్‌కి దగ్గర్లోని ఎడిస్టో దీవికి, విడుదలైనవాళ్ల బాగోగులు చూసే సర్కారు శాఖ అధిపతి జనరల్ హోవర్డ్ వెళ్లి, ఆ భూములు పాత యజమానులకే తిరిగి పోతున్నాయని చెప్పాల్సి వచ్చింది. హానా ఆ దీవి నుంచే వచ్చిందనుకోండి. సర్కారు కాగితం ఒకటి ఆమె చేతిలో ఒకసారి చిత్తుకాగితమైపోయింది. ఇప్పుడు ఆమె బ్యాంకు పాసుబుక్కు ఎలా పట్టుకుంటుంది? రవికలో దోపుకుంటుందా, అక్కడికక్కడే ఇంకొకరిచేత చదివించుకుంటుందా? నా చిత్తుప్రతిలో ఇది ఇంకా తేల్లేదు.

అభ్యాసం: సన్నివేశం పూర్తి చెయ్యండి, 200 మాటలు దాటొద్దు. చివర సంతకం ఉండాలి. గుమాస్తా పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఖాళీ వదిలి, అక్కడ గీత మీద గీత అడ్డంగా గీయమంటాడు. ఆమె ఉతికే మనిషి, అరచేతులు సోడాకి పగిలి ఉంటాయి, కలం పట్టడం ఇదే మొదలు. ఏడిపించొద్దు. వచ్చే పాఠంలో ఇదే హానా తమ్ముడు ఏడాది కూలి ఒప్పందం మీద గుర్తు పెడతాడు. అందులో ఏం రాసుందో అతనికి చదివి వినిపించేది తోట యజమానే.