పేగుల ఆరోగ్యానికి ముందు అంబలి, అవసరమైతేనే క్యాప్సూల్

యాంటీబయాటిక్ వాడినప్పుడు కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ మందు రోగక్రిములతో పాటు పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియానూ చంపడమే కారణం. అలాంటప్పుడు మేలు చేసే సూక్ష్మజీవులను అందించే ప్రోబయాటిక్ క్యాప్సూల్‌కు పని ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారు మాత్రం దానికి రోజూ డబ్బు పోయనవసరం లేదు. ముందు వంటింట్లో అంబలితో మొదలుపెట్టండి.

రాత్రి నాలుగు పెద్ద చెంచాల జొన్నపిండిని గ్లాసు నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, పులిసిన పిండిని పోస్తూ ఉండకట్టకుండా కలపండి. సన్నమంట మీద ఉడికి చిక్కబడ్డాక దించండి.

అసలు మెలకువ ఇక్కడే ఉంది. రాత్రంతా పిండిలో పెరిగిన బ్యాక్టీరియా ఉడికేటప్పుడు చనిపోతుంది. బతికున్న బ్యాక్టీరియా మనకు అందేది మజ్జిగ నుంచే. కాబట్టి అంబలి పూర్తిగా చల్లారేదాకా ఆగి, అప్పుడే మజ్జిగ కలపండి. వేడి మీద పోస్తే శ్రమంతా వృథా. పైన ఉల్లిపాయ ముక్కలు తప్పకుండా వేయండి. ఉల్లిలో, జొన్నలో ఉన్న పీచే ఆ బ్యాక్టీరియాకు తిండి. పీచు అలవాటు లేనివారు కొద్దికొద్దిగా పెంచుకోవాలి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

సద్దన్నమూ మంచిదే. అయితే వరంగల్ ఎండల్లో చెడ్డ క్రిములూ అంతే జోరుగా పెరుగుతాయి. అన్నం చల్లారగానే నీళ్లు పోసి, పొద్దున్నే తినేయండి. నూనె, ఉప్పు దండిగా పట్టిన ఆవకాయను మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి.

డాక్టరు క్యాప్సూల్ రాస్తే డబ్బా మీద బ్యాక్టీరియా రకం పేరు, ఎన్ని కోట్లు ఉన్నాయి, గడువు తేదీ ఎప్పుడు అన్నవి చూడండి. ఫ్రిజ్‌లో ఉంచమని ఉంటే హనుమకొండలో కొని మే నెల ఎండలో బండి డిక్కీలో వేసుకుని ఊరంతా తిరగకండి. యాంటీబయాటిక్‌కు, దీనికి కనీసం రెండు గంటల తేడా ఇవ్వండి. శాకరోమైసిస్ బౌలార్డీ అనే రకం బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ (ఒక శిలీంధ్రం) కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు డాక్టరు చెప్పకుండా ఈ క్యాప్సూల్స్ ఇవ్వకూడదు. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అంబలితో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.