మారుతి 800 ఇంజను, గేర్‌బాక్సు ఇంటి దగ్గరే దింపాలంటే

పాత మారుతి 800 ఇంజను 796 సీసీ, మూడే సిలిండర్లు, కాబట్టి చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువులు లేపే కప్పీ) అద్దెకు తెచ్చుకుని, తోడుగా ఒక మనిషి ఉంటే గేర్‌బాక్సుతో కలిపే పైకి లేపేయొచ్చు. చైన్‌ను మాత్రం గట్టి ఇనుప స్టాండుకే కట్టండి, ఇంట్లో ఫ్యాను కొక్కేనికి కాదు. సైలెన్సర్ పైపు బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఇంజను చల్లారాకే కూలెంటు (ఇంజనును చల్లబరిచే రేడియేటర్ ద్రవం), తర్వాత గేర్ ఆయిలు వంపండి (కూలెంటు తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం). బానెట్, రేడియేటర్ తీసేస్తే చోటు దొరుకుతుంది. పెట్రోలు పైపులు విప్పేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ప్రతి వైరుకీ టేపు అంటించి నంబరు రాయండి, ఫొటోలు కూడా తీసుకోండి, లేకపోతే బిగించేటప్పుడు ఏడుపే. క్లచ్, యాక్సిలరేటర్, స్పీడోమీటర్ కేబుళ్లు, గేర్ రాడ్డు, సైలెన్సర్ పైపు, డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలు) ఊడదీశాక చైన్ బిగించి, బరువు దాని మీద పడ్డాకే మౌంటింగ్ బోల్టులు (ఇంజనును కారు బాడీకి పట్టి ఉంచేవి) విప్పండి. అంగుళం లేపి ఆగి, ఇంకా ఏదైనా తగులుకుందేమో చూడండి. వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి పెట్టొద్దు.