మూడో హారన్ మోగకముందే: పొద్దుటి బడి హడావిడికి సమస్య - పరిష్కారం

మా వీధిలోకి స్కూల్ వ్యాన్ 7:40కి వస్తుంది. డ్రైవర్ రెండు హారన్లు కొట్టి ఊరుకుంటాడు. మూడోది కొట్టాడంటే ఎదురింటివాళ్లు కూడా బాల్కనీలోకి వచ్చి చూస్తారు. పోయిన ఏడాది జూన్ నుంచి దసరా సెలవుల దాకా మాకు రోజూ మూడో హారనే. అమ్మాయి రెండో తరగతి, అబ్బాయి యూకేజీ, మేమిద్దరం ఉద్యోగస్తులం. విసుగొచ్చి, ఒక వారం పాటు ఎక్కడ ఎన్ని నిమిషాలు పోతున్నాయో వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టాను. "తొందరగా" అని ఎన్నిసార్లు అరుస్తున్నానో కూడా లెక్కపెడదామనుకున్నాను గానీ రెండో రోజే వదిలేశాను, మొహం చెల్లక.

చూస్తే, గొడవ కనిపించేది ఒక చోట, మొదలయ్యేది ఇంకో చోట. అందుకే కింద లక్షణం పట్టుకుని వెనక్కి వెళ్లాను. మీ ఇంట్లో ఉన్నదే చూసుకోండి. అన్నీ ఒకేసారి మార్చబోకండి, వారానికి ఒకటి చాలు.

ఎంత లేపినా లేవరు, లేచినా సోఫాలో మళ్లీ వాలిపోతారు

కారణం: ఎక్కువగా నిద్ర చాలకపోవడమే. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. 6:30కి లేవాల్సిన పిల్ల పది గంటలు పడుకోవాలంటే రాత్రి 8:30కల్లా నిద్రలో ఉండాలి. ఆ వేళకి మన ఇళ్లలో కుక్కర్ ఇంకా విజిల్ వేస్తూ ఉంటుంది. ఆదివారం లేపకుండా వదిలేసి చూడండి. మామూలు కంటే గంటన్నర, రెండు గంటలు ఎక్కువ పడుకున్నారంటే వారమంతా బాకీ పడ్డట్టే.

పరిష్కారం: పిల్లల అన్నం పెద్దవాళ్ల అన్నం నుంచి విడదీయండి. మా ఇంట్లో వాళ్లకి 7:15కే పెట్టేస్తున్నాం. పడుకునే వేళని ఒక్కరోజులో గంట ముందుకి జరిపితే పక్కమీద దొర్లుతారు తప్ప నిద్రపోరు. రెండు మూడు రోజులకోసారి పావుగంట జరపండి. పడుకునే ముందు గంటసేపు ఫోన్, టీవీ వద్దు, ట్యూబ్‌లైట్ కూడా ఆపేయండి. వెలుతురు ఎక్కువైతే నిద్ర వెనక్కి పోతుంది.

మాకు అసలు చిక్కు వేరే. మా ఆయన ఇంటికి చేరేది 8:45కి. నాన్న గొంతు వినగానే ఇద్దరూ దుప్పట్లు తన్నేసి బయటికి పరుగు. ముందే పడుకోబెడితే ఆయనకి వారమంతా పిల్లలు కనపడరు. చివరికి పొద్దున్న లేపే పని ఆయనకే అప్పగించాను. 6:30 నుంచి పది నిమిషాలు పక్కమీదే ముగ్గురి కబుర్లు. రాత్రి ఎదురుచూపులు తగ్గాయి, నా గొంతుకీ రెస్ట్ దొరికింది.

గంటలు సరిపడా పడుకున్నా పగలంతా తూగుతూ, రాత్రి నోరు తెరుచుకుని గురక పెడుతుంటే మాత్రం ముక్కు, గొంతు డాక్టర్‌కి చూపించండి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ, గొంతులోని టాన్సిల్స్ వాచి ఉండొచ్చు.

ప్లేటు ముందు గంటసేపు కూర్చుంటారు

కారణం: ఆకలి లేకపోవడం. లేవగానే పెద్ద గ్లాసు పాలు పట్టించి, పావుగంటకి ఇడ్లీ పెడితే ఎక్కడ పడుతుంది?

పరిష్కారం: పాలు సాయంత్రానికి మార్చాను. "ఏమ్మా, పాలు కూడా తాగకుండానే పంపిస్తావా పిల్లల్ని?" అని మా అత్తయ్య నాలుగు రోజులు నొచ్చుకున్నారు. సాయంత్రం బడి నుంచి రాగానే గ్లాసు ఖాళీ చేయడం చూశాక ఇంకేమీ అనలేదు. పొద్దున ఒకటిన్నర ఇడ్లీ చాలు, మిగతాది స్నాక్స్ బాక్సులో పెట్టండి. ఇడ్లీని ముక్కలు చేసి నెయ్యీ కారప్పొడీ కలిపితే యూకేజీ వాడు కూడా తనే తింటాడు. చట్నీ పెడితే చొక్కా మార్చాల్సి వస్తుంది.

"ఇవాళ టిఫిన్ ఏంటి" అనే ఆలోచన 6:30కి రాకూడదు. ఆదివారం రుబ్బిన పిండి సోమ, మంగళవారాలు ఇడ్లీకి, బుధవారం దోశకి, గురువారం పులుపెక్కాక ఊతప్పానికి. శుక్రవారం ఉప్మా. ఆ రోజు ఇద్దరూ మొహాలు చిట్లిస్తారు, దానికి నా దగ్గర మందు లేదు.

సరిగ్గా షూ లేసులు కట్టాక "అమ్మా, బాత్రూమ్!"

వాడు కావాలనే చేస్తున్నాడని చాలా రోజులు కోప్పడ్డాను. పొట్టలో ఆహారం పడితే పెద్దపేగు కదులుతుంది, అది శరీరం పని. 7:25కి టిఫిన్ పెడితే 7:38కి పిలుపు వస్తుంది మరి. ఇప్పుడు టిఫిన్ 7 గంటలకే. 7:15కి, వచ్చినా రాకపోయినా ఐదు నిమిషాలు కూర్చోవాలి. కమోడ్ అయితే కాళ్లు వేలాడకుండా కింద చిన్న స్టూల్ వెయ్యండి. తొందరపెట్టి ఆపించి పంపితే బడిలోనూ ఆపుకుంటారు, మెల్లగా మలబద్ధకం మొదలవుతుంది.

ఒక సాక్సే దొరుకుతుంది

ఒకే రంగువి ఆరు జతలు కొనండి, జత వెతికే పనే ఉండదు. ఐడీ కార్డు, బెల్టు, సంతకం పెట్టిన డైరీ, మర్నాటి షూలు రాత్రే గుమ్మం దగ్గర ఒక బుట్టలోకి వెళ్లాలి. తెల్ల షూల రోజు ఏదో తలుపు మీద రాసి అంటించండి. క్లాస్ వాట్సాప్ గ్రూపుని పడుకునే ముందు కాకుండా రాత్రి ఏడింటికి చూడండి, అప్పటికి స్టేషనరీ షాపు తెరిచే ఉంటుంది. రెండు చార్టులు, ఫెవికాల్, పాస్‌పోర్ట్ ఫొటోలు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.

జడల దగ్గర ఏడుపు

రాత్రే చిక్కు తీసి కాస్త నూనె రాసి వదులుగా అల్లేస్తే పొద్దున పైపైన దువ్వి రిబ్బన్ కడితే చాలు. తల తెగ గోక్కుంటోందంటే ముందు పేలు చూడండి.

పొద్దున కడుపునొప్పి, సెలవు రోజు మాయం

నాటకం అని కొట్టిపారేయకండి. భయానికి వచ్చే కడుపునొప్పి కూడా నిజంగానే నొప్పి పెడుతుంది. వ్యాన్ దాటిపోయాక తగ్గుతోందా, ఆదివారం అసలు రావట్లేదా అని ఒక వారం గమనించండి. కారణం పొద్దున అడిగితే చెప్పరు. రాత్రి లైటు తీసేశాక, పక్కన పడుకుని, "ఇవాళ వ్యాన్‌లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు నాన్నా?" లాంటి చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

మా అమ్మాయి మూడో రాత్రి చెప్పింది. బడిలో బాత్రూమ్ గొళ్లెం బిగుసుకుపోయి ఒకసారి లోపలే ఉండిపోయిందట. అప్పటినుంచి అక్కడికి వెళ్లకూడదని నీళ్లు తాగడమే మానేసింది. బాటిల్ నిండుగా తిరిగొస్తుంటే నేను బద్ధకం అనుకున్నాను. క్లాస్ టీచర్‌కి చెప్పాం, ఫ్రెండ్‌ని తోడు పంపుతానన్నారు. రెండు వారాల్లో నొప్పి పోయింది.

నొప్పికి నిద్రలోంచి లేస్తున్నా, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా, బరువు తగ్గుతున్నా ఇవేవీ ప్రయత్నించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అన్నీ సర్దే ఉన్నాయి, అయినా అరుపులే

ఇక్కడ కారణం నేనే. వంటింట్లోంచి ఒక్క ఊపిరిలో నాలుగు పనులు చెప్తాను, ఒక కన్ను ఆఫీసు గ్రూపు మీద. ఐదేళ్లవాడికి "రెడీ అవ్వు" అంటే ఏం చెయ్యాలో తెలియదు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, "చొక్కా వేసుకో" అనాలి. అదయ్యాకే ఇంకోటి. "పది నిమిషాల్లో" అన్నదీ వాడికి అర్థం కాదు. మా ఇంట్లో గడియారం పని అత్తయ్య పూజగంట చేస్తోంది. 6:55కి హారతి గంట మోగేసరికి బట్టలు వేసుకుని ఉండాలి. ఇప్పుడు గంట వినపడగానే వాడు బొత్తాలు వంకరగా పెట్టుకునైనా పరిగెత్తుకొస్తాడు. నా ఫోన్ 7:40 దాకా ఫ్రిజ్ మీదే.

వానాకాలం

తడిసిన షూల లోపల రాత్రే పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కుక్కండి. పడుకునే ముందు ఒకసారి కాగితాలు మార్చి, ఫ్యాన్ కింద పెడితే పొద్దుటికి తడి చాలావరకు పోతుంది. వ్యాన్ ఎక్కించే ముందు మాత్రం రెండు కాళ్ల కాగితాలూ తీశారో లేదో చూసుకోండి. మావాడు ఒకరోజు కుడికాలి దాంతోనే వెళ్లిపోయాడు.