నెల సరుకుల ఖర్చు పెరగకుండా కంచం ఎలా మార్చుకోవాలి?

మంచి తిండి అనగానే చాలామంది ఓట్స్ డబ్బా, క్వినోవా, రంగురంగుల ప్యాకెట్లలో వచ్చే కొర్రలు కొంటారు. రెండో వారానికి డబ్బులు అయిపోతాయి, ప్యాకెట్ సగం మిగిలి పురుగు పడుతుంది. నిజానికి వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లల్లో మార్చాల్సినవి నాలుగే: మూడు పూటలా అన్నం, చెయ్యి ఆగకుండా పోసే నూనె, చాయ్‌తో పోయే బిస్కెట్లు, నీళ్లలా పలచబడిన పప్పు. వీటి బదులు కావాల్సినవన్నీ వీధి చివర కిరాణంలో, అంగడిలో దొరికేవే.

ముందు వారం రోజులు కొలవండి

మొదటి వారం ఏమీ మార్చొద్దు. నూనె ప్యాకెట్ విప్పిన తేదీని డబ్బా మీద రాయండి. బియ్యం ఎన్ని గ్లాసులు పోస్తున్నారో, బిస్కెట్లకు, మిక్చర్‌కు, కూల్ డ్రింకులకు ఎంత పోతుందో క్యాలెండర్ మీదే రాసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకు నూనె రెండున్నర లీటర్లు దాటుతుంటే ముందు అక్కడే తగ్గించాలి, ఎందుకంటే ఈ మార్పుకు ఖర్చు లేదు, డబ్బు మిగులుతుంది. డబ్బా వంచి పోయకుండా రోజుకు కావాల్సినంత చిన్న గిన్నెలోకి తీసి, ఆ రోజు వంటంతా దాంతోనే సరిపెట్టండి. నలుగురికి 80 మిల్లీలీటర్లు చాలు.

కిలో ధర కాదు, గుడ్డు లెక్క చూడండి

ఏది చవకో తేల్చడానికి గుడ్డును కొలమానంగా పెట్టుకోవచ్చు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్ని మాంసకృత్తులు రావడానికి పల్లీలు 25 గ్రాములు, కందిపప్పు 27 గ్రాములు, మీల్ మేకర్ 12 గ్రాములు కావాలి. అంటే పల్లీల కిలో ధరను 40తో, కందిపప్పు ధరను 37తో, మీల్ మేకర్ ధరను 83తో భాగిస్తే ఒక గుడ్డుకు సమానమైన ఖర్చు వస్తుంది. దాన్ని ఆ రోజు గుడ్డు ధర పక్కన పెట్టి చూడండి. పల్లీల్లో సగం దాకా నూనే కాబట్టి గుప్పెడు దాటనివ్వకండి.

మీల్ మేకర్ వాసన వస్తుందని పిల్లలు తినరు. ఉప్పేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చల్లటి నీళ్లలో వేసి మళ్లీ రెండుసార్లు పిండితే ఆ వాసన చాలావరకు పోతుంది. పిండకుండా కూరలో వేస్తే మసాలా లోపలికి వెళ్లదు, ముక్క చప్పగానే ఉంటుంది.

పప్పులో కందిపప్పు సగం, పెసరపప్పు సగం వేయండి. పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది. పుంటికూర (గోంగూర) గానీ చింతపండు గానీ పప్పు మెత్తబడ్డాకే కలపాలి. పులుపు ముందే పడితే ఎన్ని విజిళ్లు వచ్చినా పప్పు పలుకు పోదు. వారానికి రెండు రోజులు పప్పు బదులు బబ్బెర్లు, ఉలవలు, శనగలు వండొచ్చు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. అలవాటు లేని కడుపుకు మొదటి వారమే గిన్నెడు పెడితే ఉబ్బరం చేసి, మళ్లీ వద్దంటారు. రెండు గరిటెలతో మొదలుపెట్టండి.

రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె

తెలంగాణ రేషన్ షాపుల్లో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది వదిలేసి వేరే ధాన్యం కొనమని చెప్పడం తెలివి కాదు. పగలు అన్నమే తినండి, కానీ రెండుసార్లకు మించి కడగకండి, గంజి వార్చకండి. బి విటమిన్లు ఆ నీళ్లతోనే పోతాయి. బియ్యంలో అక్కడక్కడ తేడాగా కనిపించి, నీళ్లలో తేలే గింజలు వస్తే ప్లాస్టిక్ అనుకుని ఏరేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితోనే చేసిన గింజలు.

రాత్రికి రొట్టె. జొన్నల్లో పీచు తెల్లబియ్యంలో కన్నా మూడు రెట్ల పైనే ఉంటుంది, చాలాసేపు కడుపు నిండుగా ఉంటుంది. యాసంగి తెల్లజొన్న రొట్టెకు బాగుంటుంది. వానాకాలం పంటలో నల్లమచ్చలున్న గింజ తీసుకోవద్దు. అయిదు కిలోలు కొన్నా గిర్నికి రెండు కిలోలే పట్టించండి. పాత పిండికి చేదు వస్తుంది, రొట్టె విరుగుతుంది. కిలో పిండికి పద్నాలుగు, పదిహేను రొట్టెలు అవుతాయి.

రొట్టె రాకపోవడానికి కారణం చెయ్యి కాదు, నీళ్లు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు, మరిగే నీళ్లే దాన్ని పట్టి ఉంచుతాయి. రెండు గ్లాసుల పిండికి గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు తెర్లుతున్నప్పుడే పిండి మీద పోసి, గంటెతో కలిపి, అయిదు నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక అరచేతి అడుగుతో నొక్కుతూ పిసకండి. ముద్దను రెండు వేళ్లతో నొక్కితే అంచు పగలకూడదు. పగిలితే వేడినీళ్లు చెంచాడు చల్లి ఇంకోసారి పిసకండి. ఒక్కో రొట్టెకు కావాల్సినంతే తీసి, మిగతాది తడిబట్ట కింద ఉంచండి.

పొడిపిండి చల్లి, చేత్తో తిప్పుతూ తట్టండి. పెనం బాగా కాలాక పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, వెంటనే తడిబట్టతో పైభాగమంతా తుడవండి. ఆ తడి ఆరుతూ ఉండగానే తిప్పాలి. పూర్తిగా ఆరేదాకా ఆగితే పగుళ్లు, ముందే తిప్పితే పెనానికి అంటుకోవడం. రెండో వైపు కాలాక మళ్లీ తిప్పి, పొడిబట్టతో అంచులు నొక్కితే పొంగుతుంది. మొదటి వారం తట్టడం రాకపోతే పిండిలో మూడోవంతు గోధుమపిండి కలపండి, చపాతీ కర్రతోనూ వస్తుంది.

జొన్నలోనూ పిండిపదార్థం ఎక్కువే. షుగర్ ఉన్నవాళ్లు రెండు రొట్టెలతో ఆపి, కూర ఎక్కువ పెట్టుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పుల విషయంలో డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

చాయ్, బిస్కెట్, కూల్ డ్రింక్

బిస్కెట్ బదులు పుట్నాలు, ఉడకబెట్టిన పల్లీలు, మక్క కంకుల రోజుల్లో కంకి. చాయ్‌ని అన్నం తిన్న వెంటనే కాకుండా గంట తర్వాత తాగండి, ఆకుకూరలోని ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. గంగవాయిల కూర, తోటకూర, పుంటికూర అంగడిలో పొద్దుగూకే వేళకు చవకవుతాయి.

చక్కెర బదులు బెల్లం వేయడం మాత్రం అసలు మార్పే కాదు. బెల్లం కూడా దాదాపు చక్కెరే. బ్రౌన్ బ్రెడ్, మల్టీగ్రెయిన్ బిస్కెట్ కొనేముందు ప్యాకెట్ వెనక చూడండి. ఎక్కువగా వేసిన పదార్థం పేరే ముందు రాస్తారు, అక్కడ మైదా ఉంటే అది మైదా బిస్కెట్టే.

ఎండాకాలం కూల్ డ్రింకు బదులు తైద (రాగి) అంబలి. చాలా కూల్ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. మూడు చెంచాల తైద పిండిని గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, అందులో ఆ నానిన పిండి పోస్తూ పది నిమిషాలు కలపండి. పొడిపిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. పూర్తిగా చల్లారాకే మజ్జిగ, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు వేయాలి. వేడి మీద పోస్తే మజ్జిగ విరుగుతుంది.

సర్వపిండిని కొంచెం మార్చి

బజ్జీలు, మిర్చీల బదులు సాయంత్రానికి సర్వపిండి, అంటే గిన్నెలో ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె. బియ్యప్పిండి రెండు గ్లాసులైతే ఒకటి తీసేసి జొన్నపిండి వేయండి. నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ, కారం, సన్నగా తరిగిన తోటకూర గుప్పెడు. తోటకూర నీళ్లు వదులుతుంది కాబట్టి పిండి గట్టిగానే కలపాలి. రెండు చెంచాల నూనె గిన్నెకు పూసి, పలచగా ఒత్తి, వేలితో రంధ్రాలు పెట్టి, మూత పెట్టి సన్నమంట మీద కాల్చండి. మందంగా ఒత్తితే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. రెండో విడతకు గిన్నెను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాకే పిండి ఒత్తాలి, లేదంటే వేళ్లు కాలతాయి, పిండి కూడా వేడికి అక్కడికక్కడే పట్టుకుని అంచులదాకా సాగదు.