వరుస సెలవులకు ముందు అడ్మిన్ అకౌంట్ల జాగ్రత్తలు

నాలుగు రోజులు ఆఫీసు ఖాళీ అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలకు అంతకంటే ఏం కావాలి? అలర్ట్ వచ్చినా చూసే నాథుడుండడు. అడ్మిన్ అకౌంట్లను సరిచూసే పని కనీసం వారం ముందే మొదలుపెట్టండి. చివరి రోజు సాయంత్రం హక్కులు మారిస్తే ఏదో సర్వీస్ ఆగి మీ సెలవే పోతుంది.

ముందు విండోస్ నెట్‌వర్క్ అంతటిమీదా పూర్తి హక్కులుండే డొమైన్ అడ్మిన్స్ గ్రూపు తెరిచి ఒక్కో పేరూ చూడండి. ఉద్యోగం మానేసినవాళ్లు, ఎప్పుడో ఇన్‌స్టాలేషన్‌కు వచ్చిన వెండర్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కోసం చేర్చిన సర్వీస్ అకౌంట్ (మనిషి కాక ప్రోగ్రామ్ వాడేది) అక్కడే దొరుకుతారు. మనుషులవైతే డిసేబుల్ చేయండి, డిలీట్ వద్దు. ఏదైనా ఆగితే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. సర్వీస్ అకౌంట్ జోలికి మాత్రం అది ఏయే సర్వర్లలో, ఏ షెడ్యూల్డ్ టాస్కుల్లో నడుస్తోందో తేల్చుకున్నాకే వెళ్లండి.

పాస్‌వర్డ్ ఎంత పొడవన్నదానికంటే దాన్ని ఎక్కడ కొడుతున్నారన్నదే ముఖ్యం. ప్రింటర్ పనిచేయట్లేదని యూజర్ పీసీలోకి డొమైన్ అడ్మిన్‌గా లాగిన్ అయ్యారనుకోండి. ఆ పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన కోడ్) అక్కడి మెమరీలోకి చేరుతుంది. దాన్ని విడిగా దాచే విండోస్ క్రెడెన్షియల్ గార్డ్ లాంటి రక్షణ లేకపోతే, ఆ పీసీలో లోకల్ అడ్మిన్ హక్కు సంపాదించినవాడు మిమికాట్జ్ అనే దొంగ టూల్‌తో దాన్ని లాగేస్తాడు. పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు, ఆ హ్యాష్‌తోనే సర్వర్లలోకి వెళ్తాడు. మెయిల్, బ్రౌజింగ్‌కు మామూలు అకౌంట్, సర్వర్ పనికి వేరే అకౌంట్ పెట్టుకోండి. యూజర్ పీసీల్లో డొమైన్ అడ్మిన్లు నేరుగాగానీ రిమోట్ డెస్క్‌టాప్‌లోగానీ లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీతో (అన్ని పీసీలకూ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే పద్ధతి) ఆపేయండి. అన్ని పీసీలకూ ఒకే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే ఈ కష్టమంతా వృథా. విండోస్ ల్యాప్స్ (LAPS) అనే సదుపాయం పీసీకో పాస్‌వర్డ్ పెట్టి, గడువు ప్రకారం తనే మారుస్తుంది.

మనుషుల అడ్మిన్ అకౌంట్లను ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూపులో చేరిస్తే హ్యాష్‌తో నడిచే పాత పద్ధతి ఎన్‌టీఎల్‌ఎమ్ లాగిన్ ఆగుతుంది, కొత్త పద్ధతి కెర్బెరోస్‌లో లాగిన్ అయ్యాక ఇచ్చే టికెట్ 4 గంటలకే ముగుస్తుంది. సర్వీస్ అకౌంట్లను చేర్చకండి, లాగిన్ కాలేవు. అత్యవసరానికి ఉంచుకున్న అకౌంట్ ఒకటి కూడా ఈ గ్రూపు బయటే ఉండాలి.

లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) సెట్టింగుల్లో పర్మిట్‌రూట్‌లాగిన్‌ను (రూట్, అంటే పూర్తి హక్కుల అకౌంట్‌తో నేరుగా లాగిన్) 'నో' చేసి, ఉన్న సెషన్ మూయకుండానే ఇంకో విండోలో మీ అకౌంట్‌తో లాగిన్, సుడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడపడం) రెండూ చూసుకోండి. మానేసినవాళ్ల పాస్‌వర్డ్ లాక్ చేసినా పాస్‌వర్డ్ బదులు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీ పనిచేస్తూనే ఉండొచ్చు, కీ కూడా తీసేయాలి.

విండోస్ లాగ్‌లోని ఈవెంట్ 4728 (గ్రూపులో కొత్త సభ్యుడు), 1102 (సెక్యూరిటీ లాగ్ తుడిచేశారు) అలర్ట్‌లు డ్యూటీలో ఉన్నవారి ఫోన్‌కు వెళ్లాలి. బయల్దేరే ముందు ఓ టెస్ట్ అకౌంట్‌ను డొమైన్ అడ్మిన్స్‌లో చేర్చి ఫోన్ మోగిందో లేదో చూసి, వెంటనే తీసేయండి.