పెడల్‌బోర్డుకి కరెంటు ఇచ్చేటప్పుడు ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు చర్చి క్వయర్‌లోనూ తిరునాళ్ళ ఆర్కెస్ట్రాల్లోనూ గిటార్ వాయించే పిల్లలు ఇప్పుడు సొంతంగా పెడల్‌బోర్డు, అంటే గిటార్ సౌండు మార్చే పెడళ్ళన్నీ ఒకచోట బిగించిన పలక, కట్టుకుంటా ఉండారు, చాలా సంతోషం, కానీ పెడళ్ళకి వేలు పోసి కరెంటు దగ్గరికొచ్చేసరికి ఏదో చవక టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలిస్తే ఎట్టా అబ్బయ్యా, ప్రాణానికి సంబంధించింది అదే కదా.

ముందు ఇది అర్థం చేసుకో. గిటార్ తీగలు బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గర్నుంచి జాక్ (కేబుల్ గుచ్చే చోటు) గ్రౌండ్‌కి, అక్కణ్ణుంచి కేబుల్ షీల్డ్ (లోపలి వైరు చుట్టూ ఉండే రాగి అల్లిక) మీదుగా పెడళ్ళకి, చివరికి ఆంప్లిఫయర్, అదే ఆంప్, రేకుకి కలిసి ఉంటాయి. అంటే నీ వేళ్ళకీ ఆంప్ రేకుకీ మధ్య అడ్డం ఏం లేదు. ఆంప్ లోపల ఫేజ్ వైరు ఊడి రేకుకి తగిలితే, ఎర్త్ బాగుంటే ఫ్యూజో ఎంసీబీయో పడిపోద్ది, ఎర్త్ లేకపోతే 230 వోల్టులూ తీగల మీదే ఉంటాయి. 1972లో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే స్టేజీ మీదే, సరిగ్గా ఎర్త్ లేని మైకు పట్టుకుని చనిపోయాడు. మన చర్చిల్లో అయితే చెప్పులు బయట వదిలి, అప్పుడే కడిగిన గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడతాం, ఇంకా ప్రమాదం.

సొంతంగా చేసుకునేవాళ్ళకి నా సలహా, 230 వోల్టులు బోర్డులోకి ఒక్క చోటే రావాలి. ఐసొలేటెడ్ పవర్ సప్లై (ఒక్కో పెడల్‌కి విడివిడిగా డీసీ ఇచ్చే డబ్బా) ఒకటి కొని బోర్డు కిందపక్క బిగించి ఒక్క త్రీ పిన్ కార్డుతో నడిపితే సగం తలనొప్పి పోద్ది, మెయిన్స్ వైరింగ్ ముట్టుకునే పనే లేదు. లేదు, బోర్డు పక్కన సాకెట్ పెట్టి లోపల వైరింగ్ చేస్తానంటే, కంప్యూటర్ పవర్ కార్డు పట్టేలాంటి, ఫ్యూజ్ ఉండే సాకెట్ తీసుకో. 1 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల రాగి వైరు చాలు. బ్రౌన్ ఫేజ్, నీలం న్యూట్రల్, పచ్చ పసుపు చారలది ఎర్త్, పాత వైర్లలో ఎరుపు, నలుపు, పచ్చ. ఫ్యూజు ఫేజ్ లైన్లోనే రావాలి. ఎర్త్ వైరు మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా వదులు, ఎవరన్నా కార్డు లాగితే చివర్న ఊడేది అదే కావాలి. స్క్రూ కింద పెట్టే వైరు కొసలకి సోల్డర్ పూయొద్దు, కొన్నాళ్ళకి అణిగిపోయి లూజ్ అయిపోద్ది, ఫెర్రూల్ (వైరు కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి నొక్కు.

ఇనుప బోర్డు అయితే ఫ్రేమ్‌కి ఎర్త్ తప్పనిసరి. ఒక బోల్టు చోటు చూసుకుని చుట్టూ పెయింట్ మెరిసేదాకా గీకి, రింగ్ లగ్ (వైరు కొసకి నొక్కే ఉంగరం లాంటి రేకు), పళ్ళ వాషర్, నట్టు వేసి గట్టిగా బిగించు, పెయింట్ మీద బిగిస్తే బిగించనట్టే లెక్క. తర్వాత గోడ సాకెట్ నుంచి ప్లగ్గు పీకేశాకే మల్టీమీటర్ పెట్టు, ప్లగ్గు పెద్ద పిన్నుకీ ఫ్రేమ్‌కీ దాదాపు జీరో ఓమ్స్ రావాలి, మిగతా రెండు పిన్నులకీ ఫ్రేమ్‌కీ మధ్య బీప్ రాకూడదు. ఈ పని చేతకాకపోతే మొహమాటం లేకుండా ఎలక్ట్రీషియన్ దగ్గర చేయించుకో.

పవర్ సప్లై నుంచి పెడళ్ళకి వెళ్ళే డీసీ వైపు పెద్ద కథ లేదు. ఎక్కువ పెడళ్ళు 9 వోల్టులు, సెంటర్ నెగటివ్ (పిన్ను మధ్యలో మైనస్), అయినా ప్రతి దాని మీదా రాసింది చదువు, మిల్లీ ఆంపులు కూడా చూసుకో, డిజిటల్ పెడళ్ళు ఎక్కువ తాగుతాయి.

ప్రోగ్రాం దగ్గర ప్లగ్గు పెట్టే ముందు సాకెట్లో మీటర్ పెట్టాలి. ఫేజ్ న్యూట్రల్ మధ్య 230 దరిదాపు, ఫేజ్ ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు. టెస్టర్ వెలిగితే ఫేజ్ ఉందని తెలుస్తది గానీ ఎర్త్ ఉందో లేదో అది చెప్పదు. కనిగిరి వైపు మెట్ట ఊళ్ళల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటది, జనరేటర్‌కి అసలు ఎర్త్ కొట్టకుండానే నడిపేస్తారు, అడిగి చూపించమను. ఆంప్, బోర్డు, మిక్సర్ మూడింటికీ ఒకే బాక్స్ నుంచి ఇమ్మని సౌండ్ సిస్టమ్ అన్నని బతిమాలైనా సరే ఒప్పించు, వేరే వేరే ఫేజుల మీద ఉంటే రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న బాక్స్ ఒకటి సొంతంగా ఉంచుకుంటే ఇంకా మేలు.

ఇక హమ్. గుయ్యిమని సౌండ్ రాగానే "ఎర్త్ పిన్ను పీకెయ్ బ్రో, పోద్ది" అంటారు. నిజమే, హమ్ పోద్ది, దాంతోపాటు నీ కాపలా కూడా పోద్ది. మిక్సర్‌కి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) ద్వారా వెళ్ళి దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కు, అది ఆడియో కేబుల్ గ్రౌండ్‌నే తెంపుద్ది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. పాడేటప్పుడు పెదాలకి మైకు జివ్వుమన్నా, తీగలు తిమ్మిరిగా అనిపించినా పాట మధ్యలో అయినా ఆపెయ్, మీటర్‌తో మైకు జాలీకీ తీగలకీ మధ్య ఏసీ వోల్టులు చూసి, కారణం దొరికాకే మళ్ళీ మొదలుపెట్టండి.

బోర్డు సంచిలో అదే రేటింగు ఫ్యూజులు రెండు ఉంచుకో, ఫ్యూజు పోయిందని రాగి పోగు చుట్టి నడిపించొద్దు, పోయిందంటే ఏదో ఒక కారణం ఉంటది, ముందు అది వెతుకు.