రొజొ పండగ నాటికి టిల్లర్ ఇంజిన్ బిగించి ఉండాలి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన తెలుగు రైతుల ఇళ్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. జూన్ నడిమిలో రొజొ పండగ వస్తుంది. 14 నుంచి 16 దాకా భూమికి విశ్రాంతి అని ఒడియావాళ్లు దుక్కి ఆపేస్తారు. వాళ్ల నడుమ బతుకుతున్నాం కాబట్టి మనమూ టిల్లర్ దించం. బండి ఎలాగూ ఖాళీయే కదా అని ఆ మూడు రోజుల్లో ఇంజిన్ విప్పి కూర్చుంటారు. ఏడాది మొత్తంలో ఇంజిన్ విప్పకూడని వారం ఏదైనా ఉందంటే అదే.

పండక్కి లేత్ షాపుల్లో పనివాళ్లు దొరకరు. సరిహద్దు దాటి పాతపట్నం వెళ్తే రింగులో, ప్యాకింగో దొరకొచ్చు గానీ క్రాంకు (పిస్టన్ ఆటను తిప్పుడుగా మార్చే షాఫ్టు) గ్రైండింగు అంటే బరంపురమో, శ్రీకాకుళమో పోవాల్సిందే. ఈలోగా వాన పడుతుంది, పక్క పొలంలో దుక్కి మొదలవుతుంది, మనకు తొందర పుడుతుంది. ఆ తొందరలో కొలవాల్సింది కొలవకుండా, కడగాల్సింది కడగకుండా బిగించేస్తాం. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త లైనరూ (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ వేసిన ఇంజిన్‌ని తిన్నగా దమ్ములోకి దించకూడదు. టిల్లర్‌కి దమ్ముకన్నా బరువైన పని లేదు. రింగులు లైనర్ గోడకు సర్దుకునేదాకా తేలిక పనే చేయించాలి. అందుకే అక్షయ తృతీయకు విత్తనం చల్లే శాస్త్రం అయిపోగానే, ఎండలు ఉండగానే విప్పండి. రోహిణి కార్తె దాటేలోపు బిగించేయండి. మృగశిరలో పొడి దుక్కులు తేలిగ్గా దున్నుకుని, ఉడుపుల నాటికి పూర్తి బరువు మోయించొచ్చు.

అసలు విప్పాలా అన్నది ముందు తేల్చుకోండి. నల్ల పొగ వస్తోందంటే చాలాసార్లు తప్పు గాలి ఫిల్టర్‌దో, డీజిల్ చిమ్మే నాజిల్‌దో అయి ఉంటుంది. పొద్దున్నే తెల్ల పొగ కక్కుతూ స్టార్ట్ కాకపోతే నాజిల్, ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాల దగ్గరి సందు), డీజిల్ పంపు టైమింగ్ చూడాలి. నీలం పొగ, ఆయిల్ తరిగిపోవడం, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్‌లోంచి పొగ గుప్పుగుప్పున తన్నడం మూడూ కలిసి కనిపిస్తే అప్పుడు రింగుల మాట, లైనర్ మాట. హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడండి. కంప్రెషన్ దగ్గర గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకుండా జారిపోతుంటే గాలి ఎక్కడో పోతోంది. ట్యాపెట్లు బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా అలాగే జారుతుంది కాబట్టి ముందు ట్యాపెట్లు సెట్ చేసి మళ్లీ చూడాలి. అర్ధగంట పనితో పోయేదానికి ఇంజిన్ మొత్తం గుల్ల చేసుకోవడం దేనికి? సబ్సిడీలో కొన్న కొత్త బండి అయితే వారంటీ కార్డు కూడా తీసి చూడండి, బయట విప్పితే వారంటీ పోతుంది.

పని ఎక్కడ చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. పశువుల సాలలోనో, కల్లంలోనో గోనె పరిచి మొదలెడతారు. ఈ కార్తెలో సాయంత్రమయ్యే సరికి గాలిదుమారం లేస్తుంది. ఆ దుమ్ము ఒక్క చిటికెడు లైనర్ గోడకు అంటిన నూనెలో కలిస్తే చాలు, కొత్త రింగులు మొదటి గంటల్లోనే అరిగిపోవడం మొదలవుతుంది. ఇంట్లో ఒక గది ఖాళీ చేయండి. నేల తుడిచి ఆరబెట్టి, ఉతికిన పాత ధోవతులు పరిచి వాటి మీద భాగాలు పెట్టండి. రాత్రి పని ఆపినప్పుడు వాటి మీద మరో బట్ట కప్పాలి. కాటన్ వేస్టు పోగులు ఆయిల్ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, వాటితో లోపలి భాగాలు తుడవకండి. కడగడానికి డీజిల్ వాడండి, పెట్రోల్ వద్దు. మన ఇళ్లలో వాకిట్లో కట్టెల పొయ్యి ఉంటుంది. పెట్రోల్ ఆవిరి నేల వెంట పాకి అంతదూరం పోయి అంటుకుంటుంది. పిల్లల్ని ఆ గది గడప దాటనివ్వకండి.

ఇంజిన్ దించేటప్పుడు దెబ్బలు ఎక్కువ తగులుతాయి. 13 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఒక్క మనిషి ఎత్తేది కాదు, ఇద్దరికీ కష్టమే. చైన్ బ్లాక్ అద్దెకు తెచ్చుకుని ఇనప పైపుల ముక్కాలికి కట్టండి, మామిడి కొమ్మను నమ్మకండి. టిల్లర్‌కి రెండే చక్రాలు, ఇంజిన్ ముందు కూర్చుంటుంది. అది లేచిన క్షణంలోనే బరువంతా వెనక్కి పోయి హ్యాండిళ్లు నేలకు కొట్టుకుంటాయి. ముందే వాటి కింద దిమ్మ పెట్టాలి, వెనక ఎవరూ నిలబడకూడదు.

ఫ్లైవీల్ సంగతి విడిగా చెప్పాలి. అది కొసకు సన్నబడే షాఫ్టు మీద బిగుసుకుని ఉంటుంది, బరువు ఇరవై కిలోల పైనే. లాక్ వాషర్ మడత విప్పి నట్టు వదులు చేశాక దాన్ని పూర్తిగా తీసేయకండి. చివరి రెండు మూడు మరలకు పట్టి ఉండేలా వదిలేయండి. పుల్లర్‌తో లాగుతుంటే ఫ్లైవీల్ ఒక్కసారిగా టప్పున ఊడి వస్తుంది. నట్టు ఉంటే అక్కడ ఆగుతుంది, లేకపోతే కాలి మీదికి వస్తుంది. సుత్తితో అంచు మీద కొట్టడం అస్సలు వద్దు, పోత ఇనుము పగులు కంటికి కనిపించదు.

విప్పేటప్పుడు ప్రతి అడుగుకూ ఫోన్‌తో ఫొటో తీయండి, ఫొటో తీశాకే పానా పెట్టండి. టైమింగ్ గేర్ల మీద చుక్క గుర్తులు ఉంటాయి, ఏ చుక్క ఏ చుక్కకు ఎదురుగా ఉందో చూసుకోవాలి. కనిపించకపోతే మీరే చిన్న పంచ్ గుర్తు పెట్టుకోండి. కనెక్టింగ్ రాడ్ టోపీ తిరగేసి బిగిస్తే బేరింగు పోతుంది, రాడ్ మీద అంకె, టోపీ మీద అంకె ఒకే వైపు రావాలి. డీజిల్ పంపు కింద ఉండే పల్చటి రేకులు ఎన్ని వచ్చాయో అన్నే తిరిగి వేయాలి, ఇంజెక్షన్ టైమింగ్ వాటి మందంలోనే ఉంది. బోల్టులన్నీ ఒక్క తట్టలో పోయకండి. ఏ మూత బోల్టులు ఆ మూతతోనే పొట్లం కట్టండి.

కొన్ని పనులు ఇంట్లో చేయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. క్రాంకు పిన్ను కొలిచి గ్రైండింగు చేయడం, వాల్వు సీట్లు కోయడం, నాజిల్ ఒత్తిడి, పంపు కాలిబ్రేషన్ ఈ పనులకు తగిన మిషన్లున్న చోటికి పంపండి. నాజిల్‌ని పైపుకి తగిలించి బయట పెట్టి, హ్యాండిల్ తిప్పి స్ప్రే చూడటం మన వైపు మామూలు. ఆ తుంపర వేలిని తాకితే చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైన సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం డీజిల్ కండను చంపుతుంది, గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు పోవచ్చు. అలా జరిగితే పసుపు రాసి పడుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పెద్ద ఆసుపత్రికి, బరంపురం ఎం.కె.సి.జి. లాంటి చోటికి పంపమని అడగండి. ఒంట్లోకి డీజిల్ దూరిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఇక లైనర్. కింది వైపు దానికి రబ్బరు రింగులుంటాయి, చుట్టూ తిరిగే నీళ్లను ఆయిల్‌లో కలవకుండా ఆపేవి అవే. మన బోరు నీళ్లకు అక్కడ సున్నపు పెచ్చు కడుతుంది. పాత లైనర్ తీశాక బ్లాకులో ఆ గుండ్రటి గూటిలోకి వేలు పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడ గరుకు తగిలితే అక్కడ పెచ్చు ఉన్నట్టే. చెక్కపుల్లతో, సన్న గరుకు కాగితంతో నున్నగా అయ్యేదాకా తీసేయండి. రింగులు మెలి పడకుండా గాడిలో కూర్చోబెట్టి, సబ్బునీళ్లు రాసి, చేత్తో ఒత్తితేనే లైనర్ దిగాలి. సుత్తి అవసరం వచ్చిందంటే రింగు తెగుతోందన్నమాట. హెడ్ బిగించాక, ఆయిల్ పోయకముందే నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టు విప్పి చూడండి. చుక్క నీరు కనిపించినా మళ్లీ విప్పాల్సిందే. ఎంత విసుగొచ్చినా సరే, ఉడుపుల నడుమ ఆయిల్ పాలరంగుకి తిరగడం కన్నా ఇది నయం.

రింగు చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలిచాకే పిస్టన్‌కి ఎక్కించండి, ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్కు రెంచితో బిగించాలి. రెంచి లేకపోతే అరువు తెచ్చుకోండి, చేతి అంచనా వద్దు.

డీజిల్ పంపు తిరిగి పెట్టేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పోవాలో సర్దే కడ్డీ) పిన్ను, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ ఫోర్కులోకి దిగాలి. పక్కకు జారిందంటే ఇంజిన్‌కి డీజిల్ తగ్గించేవాడు ఉండడు, స్టార్ట్ అయిన మరుక్షణం వేగం పెరిగిపోతుంది, లివర్ తిప్పినా ఆగదు. ఇలాంటి ఇంజిన్లు నిమిషానికి 2400 చుట్లకు తయారైనవి, అది దాటి ఎక్కడికో పోతే ఫ్లైవీల్ ముక్కలై గోడలు పగులుతాయి. పంపు బిగించాక యాక్సిలరేటర్ లివర్ అటూ ఇటూ కదిపి ర్యాక్ కదులుతోందో లేదో కంటితో చూసుకోండి. చూడకుండా స్టార్ట్ చేయకండి.

మొదటి స్టార్టింగ్ ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో పొగ మనిషిని చంపుతుంది. బెల్టులు తీసేయండి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. డీకంప్రెషన్ లివర్ ఎత్తి, డీజిల్ ఇవ్వకుండా హ్యాండిల్ తిప్పుతూ ఆయిల్ పైకి ఎక్కిందని సూచిక చూపేదాకా ఆగండి. గాలి గొట్టం నోటికి సరిపడే చెక్కపలక ఒకటి పక్కన పెట్టుకోండి. వేగం చేయి దాటితే దాన్ని అడ్డం పెట్టి గాలి మూసేయడమే దారి, అరచెయ్యి పెట్టకండి. ఫ్లైవీల్‌కి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉంచుకోండి. ఎదురు తన్నితే మణికట్టు విరగకుండా హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. లుంగీ, తువ్వాలు దూరంగా పెట్టి నిక్కరో, ప్యాంటో వేసుకోండి.

జీడితోటల్లో, పత్తి చాళ్లలో తిరిగే చిన్న పెట్రోల్ వీడర్లది వేరే కథ. వాటిలో చాలా ఇంజిన్లు హోండా జీఎక్స్ నమూనాలోనే ఉంటాయి. జీఎక్స్160కి ట్యాపెట్ సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. కనెక్టింగ్ రాడ్ అల్యూమినియం, దాని బోల్టులకు 12 న్యూటన్ మీటర్లే టార్కు, మోటు చేత్తో బిగిస్తే మర పోతుంది. ఆయిల్ పంపు ఉండదు, రాడ్ కింది చెంచా ఆయిల్‌ని చిమ్ముతుంది. అందుకే మన కొండవాలు తోటల్లో ఇంజిన్‌ని 20 డిగ్రీలకు మించి వంచకూడదు. బాగుచేసిన ఇంజిన్ మళ్లీ త్వరగా పట్టేయడానికి ఈ వంపు ఒక పెద్ద కారణం.

స్టార్ట్ అయ్యాక కాసేపు తిప్పి ఆపి, చల్లారాక హెడ్ నట్లు మాన్యువల్ చెప్పినట్టు మళ్లీ చూసుకుని, ట్యాపెట్లు కూడా సరిచూడండి. ఆ తర్వాత సగం బరువుతో పొడి దుక్కి, చిన్న చిన్న లోడ్లు లాగించండి. ఖాళీగా గంటల తరబడి తిప్పినా రింగులు సర్దుకోవు, కొంచెం బరువు కావాలి. గాలి ఫిల్టర్ నూనె గిన్నె రోజూ విప్పి చూసి, అడుగున బురద పేరితే మార్చండి. మొదటి ఆయిల్ మామూలు గడువు దాకా ఆగకుండా ముందే దించి, తెల్ల గిన్నెలో పోసి మెరుపు పొడి ఉందేమో చూడండి. కొద్దిగా ఉండటం సహజమే. గోరుతో తీయగలిగే తునకలుంటే మాత్రం అక్కడితో ఆపి ఫిట్టరును పిలవండి. దించిన ఆ ఆయిల్ గట్టున పోస్తే తొలి వానకే చెరువులో కలుస్తుంది, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.